ఎత్తెక్కితేనే మోగే సైకిల్

మా బావ గవర్రాజు సైకిల్లో టిక్కుమని ఒక చప్పుడు ఉండేది. చదును రోడ్డు మీద రాదు. పల్లంలో రాదు. ఎత్తు ఎక్కుతూ సీటు మీంచి లేచి నిలబడి తొక్కితేనే వస్తుంది. అదీ ఎడమ పెడలు కిందికి దిగినప్పుడల్లా ఒకసారి. టిక్కు. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ టిక్కు. గోడ మీద బల్లి పలికినట్టుంటుంది.

ఆ బల్లి పలుకు కోసం మా బావ ఏడు నెలల పాటు ఆ సైకిల్ని ఒక్కో సామానే విప్పాడు, మార్చాడు, తొక్కాడు, విన్నాడు, మళ్ళీ విప్పాడు. చూసినవాళ్ళు ఈ వయసులో సైకిళ్ళ పిచ్చి పట్టిందనుకున్నారు. మా చెల్లెలు చిట్టెమ్మ కూడా అలాగే అనుకుంది. కట్టుకున్న మనిషి కాబట్టి కాస్త పైకే అనేది. అసలు సంగతి నా ఒక్కడికే తెలుసు.

గవర్రాజు బావ గాజువాక ఆటోనగర్లో ఒక రోలింగ్ మిల్లులో ఫిట్టరు. పేరున్న పెద్ద ప్లాంటు కాదు. ఇనుప దిమ్మల్ని ఎర్రగా కాల్చి, స్టాండ్లనే రోలర్ల జతల మధ్య నుంచి లాగి, స్లాబుల్లో వేసే చువ్వలు తీసే చిన్న మిల్లు. అందులో ఇరవై ఆరేళ్ళుగా ఉన్నాడు. ఆయన దగ్గర మూరెడు పొడవున్న స్క్రూడ్రైవర్ ఒకటుంది. దాంతో స్క్రూ విప్పగా నేనెప్పుడూ చూడలేదు. తిరుగుతున్న యంత్రం మీద దాని మొన ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు అదిమి కళ్ళు మూసుకుంటాడు. "మూడో స్టాండు ఎడం పక్క బేరింగు. ఇంకో పది రోజులు ఆడుద్ది, తర్వాత నన్నడగొద్దు" అంటాడు. పన్నెండో రోజున విప్పితే లోపల గుండ్లు పొక్కులు లేచి ఉండేవి. మిల్లులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ "సెవి మావ".

ఫిబ్రవరిలో ఆ చెవి తప్పు చెప్పింది. మూడో స్టాండులో చప్పుడు వినబడుతోందని నడుస్తున్న మిల్లు ఆపించాడు. కొలిమి మీద దిమ్మలు కాలుతుండగానే పని నిలిపేసి, ఆరు గంటలు కష్టపడి బేరింగు విప్పారు. అది నిన్న పెట్టెలోంచి తీసినట్టు నిగనిగలాడుతోంది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే ఆయనకు గుచ్చుకుంది. ఇంజినీరు అశోక్ ముప్పయ్యేళ్ళు నిండని మనిషి, మంచివాడే. భుజం మీద చెయ్యి వేసి, "పర్లేదు గవర్రాజు గారూ, వయసు కదా" అన్నాడట. నెల తిరక్కుండా ప్రతి స్టాండుకూ అగ్గిపెట్టెంత యంత్రం ఒకటి అతికించారు. బేరింగుల్ని ఇక అదే వింటుంది, విన్నది ఫోన్లోకి గీతలు గీసి పంపిస్తుంది. ఆ తర్వాత మేనేజరు పిలిచి, స్టోర్స్‌లో ఖాళీ వస్తోంది, ఫ్యాను కింద కూర్చుని చేసే పని, అక్టోబరు ఒకటో తేదీలోగా ఏ సంగతీ తేల్చి చెప్పమన్నాడు.

ఇంట్లో అందరూ దాన్ని ప్రమోషన్ అనుకున్నారు. బావ ఒకరోజు కూర్మన్నపాలెం టీ కొట్టు దగ్గర గ్లాసు చేతిలో తిప్పుతూ నాతో అన్నాడు.

"నాకు స్టోరంటే బాధ లేదు బావా. నా సెవి పోనాదో ఉన్నాదో తెలిస్తే సాలు. పోనాదంటే రేపే ఎల్లి ఆ కుర్సీలో కూకుంటాను. ఉన్నాదంటే మాత్రం మిల్లులోంచి నన్నెవులూ కదపలేరు."

"మరయితే డాక్టరుకి సూపిద్దాం, రా."

"సూపించేసాను. గాజు గదిలో కూకోబెట్టి పీప్ పీప్‌మని ఇనిపించాడు. వయసుకి తగ్గట్టే ఉన్నాదన్నాడు. పీప్‌మంటే ఎవులికైనా ఇనపడతాది. అదెక్కణ్ణించి వత్తందో సెప్పగలనా లేదా, అదీ నాక్కావాలి. ఈ సంగతి ఇంట్లో అనకు. మా అప్పకి అసలు అనకు."

అప్ప అంటే ఆయన పెద్దక్క, వెంకటరమణమ్మ. ఆనందపురం పక్కన బంతితోట వేస్తుంది. పదిహేను రోజులకోసారి పూల మూటలతో పూర్ణా మార్కెట్టుకు వచ్చి, అవి దింపేసి, సిటీ బస్సెక్కి తమ్ముణ్ణి చూసి పోతుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. తమ్ముడికి యాభై దగ్గరపడుతున్నా, ఆవిడ లెక్కలో ఇంకా చంక దిగలేదు.

ఇక సైకిల్. అది మా మేనకోడలు యశస్వినిది. పదో తరగతిలో ట్యూషన్‌కి వెళ్ళడానికి కొన్నారు. ఆకాశం రంగు, లావుపాటి టైర్లు, ముందు స్ప్రింగులు. ఇరవై ఒక్క గేర్లని స్టిక్కరు మీద ఉంది గానీ పడేవి నాలుగు. కొండలెక్కే సైకిలని అంటగట్టారు. దువ్వాడ రైల్వే బ్రిడ్జి ఎక్కడానికే అది రొప్పేది. ఆ పిల్ల ఇంజినీరింగుకని హాస్టలుకెళ్ళాక మెట్ల కింద తుప్పు పడుతూ ఉంది. మార్చిలో ఒక శనివారం బావ దాన్ని బయటికి లాగాడు. ఆయనకు చక్కెర జబ్బుంది, ఒళ్ళు కదలాలని డాక్టరు చెప్పాడు. మిల్లులో వినడానికి ఏమీ లేకుండా పోయిందన్నది దానికన్నా పెద్ద కారణమని నా అనుమానం.

ఆ రోజు అప్ప కూడా వచ్చింది. నేనూ ఉన్నాను. వాకిట్లో సైకిల్ నిలబెట్టి, సీటు దాని గొట్టంతో సహా పైకి లాగేసి, గుడ్డతో గ్రీజు తుడుస్తున్నాడు బావ. అప్ప అరటిపళ్ళు, బంతిపూలు దింపి, బొడ్లోంచి నల్లదారం కట్టిన రాగి తాయెత్తు తీసింది.

"ఇదిగోరా, మొలకి కట్టుకో. ఆ లారీల రోడ్డు మీద తొక్కుతానంతన్నావంట."

"నానా? సోమారం డ్యూటీకెల్లి సొక్కా ఇప్పితే అందరూ నవ్వుతారే అప్పా. మిల్లులో ఫిట్టర్ని నాను, సంటిగుంటణ్ణి కాను."

"నవ్వితే నవ్వుతారు. పళ్ళేటి రాలిపోతాయేటి?"

"ఒద్దంటే ఒద్దు. ఏ గేదికైనా కట్టు."

అప్ప మూతి ముడుచుకుని తాయెత్తు మళ్ళీ బొడ్లో దోపుకుంది. చిట్టెమ్మ కాఫీకి పిలిస్తే మేం లోపలికెళ్ళాం. ఆవిడ మాత్రం "ఎండకి కూకుంటాను" అని వాకిట్లోనే ఉండిపోయింది. పళ్ళూ పూలూ దించడం లాగే ఇదీ మామూలు సంగతనుకుని నేను మర్చిపోయాను.

మర్నాడు ఆదివారం. తెల్లారాక బయల్దేరాం. బావ సైకిల్ మీద, నేను వెనక స్కూటర్ మీద. సింధియా దాటి యారాడ కొండ ఘాట్ రోడ్డు పట్టుకున్నాం. మొదటి మలుపు దాటగానే రోడ్డు నిలువునా లేస్తుంది. బావ సీటు మీంచి లేచి హ్యాండిల్ అటూ ఇటూ లాగుతూ తొక్కాడు. సైకిలంతా మూలిగింది, కిర్రుమంది, గలగలలాడింది. అంత రొదలోనూ బావ ఆగి, ఒక కాలు కింద పెట్టి, చెయ్యెత్తాడు.

"టిక్కుమంతంది. ఇన్నావా?"

"నాకన్నీ టిక్కుల్లాగే ఉన్నాయి బావా."

"కాదు. అది ఏరే సప్పుడు. రాగి మీద గోరు పెట్టి కొట్టినట్టున్నాది." కళ్ళు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. "ఫ్రేములో ఉన్నాది."

మధ్యాహ్నం అప్పలసూరి దుకాణానికి తీసుకెళ్ళాం. గాజువాకలో ముప్పయ్యేళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్నవాడు. బావ చెప్పింది విని పకపకా నవ్వాడు.

"ఫ్రేములో ఏటుంటాది బావా, గాలుంటాది. కదిలే సామానైతే సప్పుడు సేత్తాది గానీ గొట్టం ఏటి సేత్తాది? పెడలు తొక్కినప్పుడే వత్తందన్నావు, మరి పెడలే. సెవి సూపించుకో."

ఉత్తి పరాచికంగానే అన్నాడు. జనవరిలోనైతే మా బావ స్క్రూడ్రైవర్ తీసి అప్పలసూరికి ఆ దుకాణంలోనే పాఠం చెప్పేవాడు. ఆ రోజు నావైపు చూసి, "పెడలే కాబోలు" అన్నాడు.

అప్పట్నుంచి మొదలైంది. పెడళ్ళు మార్చాడు. తర్వాతి ఆదివారం యారాడ ఎక్కితే, టిక్కు.

బావకు మిల్లులో అబ్బిన పద్ధతి ఒకటుంది. ఒక్కసారికి ఒక్క సామానే మార్చాలి. రెండు కలిపి మారిస్తే జబ్బు నయమైనా ఏ మందుకు నయమైందో తెలియదంటాడు. మార్చిన సామానుతో మూడు సార్లు నడిపి చూడాలి. అందాకా పాతదాన్ని పారెయ్యకూడదు, చీటీ కట్టి దాచాలి. సైకిల్‌కీ అదే పద్ధతి పెట్టాడు. మెట్ల కింద ఒక గోనెసంచి వెలిసింది. అందులో ప్రతి సామానుకూ సన్నతీగతో కట్టిన అట్టముక్క ఉండేది. "పెడళ్ళు. టిక్కు పోలేదు." "వెనక పళ్ళచక్రం. టిక్కు పోలేదు."

ఏప్రిల్‌లో పెడళ్ళ మధ్య ఇరుసు. దాన్ని విప్పే పనిముట్టు అప్పలసూరి దగ్గర లేకపోతే, తుక్కులోని పైపు ముక్క తెచ్చి, పళ్ళు కోసి, తనే చేసుకున్నాడు. పాత ఇరుసు నిజంగానే చెడిపోయి ఉంది. లోపల గ్రీజు బదులు తుప్పునీళ్ళు. "ఇదే బావా, ఇదే" అని పెళ్ళి కుదిరినవాడిలా సంబరపడ్డాడు. ఆ ఆదివారం మూడో మలుపు దాకా చప్పుడు లేదు. లైట్‌హౌస్ కనబడే చోట నిట్టనిలువు ఎత్తులో మళ్ళీ బల్లి పలికింది.

మే నెల ఎండల్లో ముందు స్ప్రింగుల ఫోర్కు పీకేసి నిటారు ఫోర్కు వేశాడు. ఎవరో వాడి వదిలేసిన మంచి చక్రం రిమ్ము దొరికితే, దానికి స్పోకు పుల్లలు తనే అల్లాడు. మంచం మీద పరుచుకుని, ఒక్కో పుల్లనూ గోటితో మీటి, ఆ నాదం పక్కదానితో కలిసేదాకా బిగించాడు. తంబురా శ్రుతి చేసినట్టు ముప్పై ఆరు పుల్లలు! చిట్టెమ్మ వంటింట్లోంచి వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"అన్నియ్యా, నువ్వైనా సెప్పు. ఒక సైకిలు గోడకాన్సి ఉన్నాది, ఇంకో సైకిలు గోనెలో ఉన్నాది, ఇంకోటి నా మంచం మీద పడుకున్నాది. నానెక్కడ పడుకోవాలి?"

"సక్రం పక్కన పడుకోవే, పాడుద్ది" అన్నాడు బావ, తల ఎత్తకుండా.

వింతేమిటంటే, టిక్కు పోలేదు గానీ సైకిల్ మారిపోయింది. గేర్లన్నీ వెన్నలో కత్తిలా పడుతున్నాయి. బరువు తగ్గింది. బ్రేకు వేలితో తాకితే చాలు. మార్చిలో రెండో మలుపుకే దిగి తోసుకెళ్ళిన మనిషి ఆగస్టుకు కాలు కింద పెట్టకుండా కొండ నెత్తికెక్కి, ఒకవైపు హార్బరు క్రేన్లూ ఓడలూ, ఇంకోవైపు యారాడ సముద్రమూ చూస్తూ నా కోసం ఎదురు చూసేవాడు. పొట్ట లోపలికి పోయింది. కానీ మిగిలిన చప్పుళ్ళన్నీ ఆగిపోవడంతో ఆ ఒక్క టిక్కూ ఇప్పుడు స్పష్టంగా, ఒంటరిగా వినిపిస్తోంది. నాకు కూడా. పాత సామాన్లో ఇక మిగిలింది ఆకాశం రంగు ఫ్రేమ్ ఒక్కటే.

ఆగస్టులో అప్ప వచ్చినప్పుడు సైకిల్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"ఇంకేటైనా పాతది మిగిలిందేట్రా ఇందులో?"

"ఈ గొట్టాలే అప్పా."

"అవీ మార్చేత్తావేటి?" అడిగిన తీరు కాస్త కంగారుగా ఉంది.

"సూడాలి."

"ఒద్దురా. రంగు బాగున్నాది. నా మాటిని ఆ గొట్టం మార్చకు."

అప్పకు రంగుల మీద అంత మమకారం ఎప్పుడొచ్చిందా అనుకున్నాను. ఆవిడ ఇంట్లో తలుపులకు ఇరవై ఏళ్ళుగా రంగు లేదు. అడిగుంటే బాగుండేది. అడగలేదు.

సెప్టెంబరు ఆఖరు వారం అప్పలసూరి కబురు పెట్టాడు. దుకాణం దూలానికి నల్లటి ఫ్రేమ్ ఒకటి వేలాడుతోంది. వాడినదే, కానీ మంచిది.

"సోమారం తీసుకురా బావా. గంటలో అన్నీ దీనికి ఎక్కించేత్తాను. నీ టిక్కుతో నాకూ నిద్దర పట్టడం లేదు."

తిరిగొస్తూ నేనన్నాను, "బాగుంది కదా బావా. ఫ్రేము మార్తే సప్పుడు పోద్ది."

"పోద్ది" అన్నాడు. నాలుగడుగులు వేశాక ఆగాడు. "పోతే నాకేటి తెలిసినట్టు బావా? సప్పుడు పోవాలంటే సైకిలెక్కడం మానేసినా పోద్ది. అదేటో తెలీకుండా పోయిందనుకో, ఇక నా సెవి సంగతి ఎవులు సెప్తారు? బుధారం ఒకటో తారీకు. మేనేజరుకి మాటియ్యాలి."

"మరేటి సేద్దాం?"

"ఈ ఆదోరం ఆఖరి పాలి ఎక్కుతాను. దొరికితే దొరుకుద్ది. లేకపోతే ఫ్రేము అప్పలసూరికి, నాను స్టోరుకి."

ఆ ఆదివారం మబ్బు పట్టి ఉంది. బావ భుజానికి సంచి, సంచిలోంచి బయటికి తొంగిచూస్తూ మూరెడు స్క్రూడ్రైవర్. అది ఫిబ్రవరి తర్వాత మిల్లు దాటి బయటికి రావడం అదే మొదలు. మూడు మలుపులూ ఎక్కాడు. టిక్కు, టిక్కు, టిక్కు. లైట్‌హౌస్ మలుపులో ఆగిపోయాడు. అలసిపోయి కాదు. సైకిల్ నా చేతికిచ్చి, కల్వర్టు గోడ మీద కూర్చుని, నీళ్ళ సీసా తీశాడు.

"ఫ్రేములో ఉన్నాదన్నాను బావా, మొదటిరోజు. గుర్తున్నాదా? ఎందుకన్నానో ఏటో. సెవి పోనోడి కూతలు."

సైకిల్ని గోడకానించాను. స్కూటర్ స్టాండు వేసి వచ్చి, సైకిల్ హ్యాండిల్ పట్టుకుని, చేతులు ఊరుకోని మనిషి చేసే పని చేశాను. దాన్ని అటొకసారి, ఇటొకసారి ఊపుతూ నిలబడ్డాను.

టిక్కు.

బావ సీసా మూత తిప్పుతున్నవాడు ఆగాడు.

"ఏటి సేసావు?"

"నానేటీ సెయ్యలేదు."

"పెడలు తొక్కావా?"

"నిలబడి ఉన్నాను కదా, ఎలగ తొక్కుతాను?"

"ఊపావు. మళ్ళీ ఊపు."

ఊపాను. టిక్కు. ఇంకోసారి. టిక్కు. పెడళ్ళు కదల్లేదు, గొలుసు కదల్లేదు, చక్రం కదల్లేదు. ఎత్తులో నిలబడి తొక్కేటప్పుడు సైకిల్ పక్కలకు ఊగుతుంది. ఆ ఊపు పెడలుతో కలిసి వస్తుంది కాబట్టి ఏడు నెలలూ పెడళ్ళ చుట్టూ తిరిగాం!

బావ సీసా వదిలేశాడు. అది దొర్లుకుంటూ పల్లంలోకి పోయింది. స్క్రూడ్రైవర్ లాగి, మొన ఫ్రేమ్ ముందు గొట్టానికి ఆనించి, పిడి చెవి పక్కన అదిమి కళ్ళు మూసుకున్నాడు. "ఊపుతూనే ఉండు." ఊపాను. "ఇక్కడ దూరంగా ఉన్నాది." మొన పై గొట్టం మీదికి జరిపాడు. "దగ్గరికొత్తంది." సీటు కింది నిలువు గొట్టం మీదికి జరిపాడు. ఆయన మొహంలో ఏదో కదిలింది. అంగుళం అంగుళం కిందికి దించాడు. ఆ దారిన పోతున్న ఆటోవాడు ఆగి మమ్మల్ని చూశాడు. ఒక నడివయసు మనిషి సైకిల్ కడుపుకు స్క్రూడ్రైవర్ పెట్టి వింటున్నాడు, ఇంకొకడు దాన్ని ఉయ్యాల ఊపుతున్నాడు. ఆటోవాడు ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

"ఇక్కడ" అన్నాడు బావ. "ఇదిగో, ఇక్కడే."

మొన నిలిచిన చోట నీళ్ళ సీసా స్టాండు బిగించుకోవడానికి పెట్టిన చిన్న బోల్టు ఉంది. ఆ సైకిల్‌కి సీసా స్టాండు ఎప్పుడూ లేదు. బోల్టు మాత్రం కొన్నప్పట్నుంచీ అక్కడే ఉంది. అన్నీ విప్పిన మనిషి, దాన్ని విప్పలేదు. దేన్నీ పట్టి ఉంచని బోల్టును ఎవరు విప్పుతారు?

బావ దాన్ని నెమ్మదిగా తిప్పి బయటికి లాగాడు. గొట్టం లోపల ఏదో జారి, అడుగున టక్కుమని పడింది.

సీటు బిగింపు వదులు చేసి, సీటు పైకి లాగి, సైకిల్ని నేనో పక్క, ఆయనో పక్క పట్టుకుని తలకిందులు చేసి కుదిపాం. గొట్టం నోట్లోంచి తోకలా ముందు నల్లదారం, దాని వెనక రాగి తాయెత్తు జారి బావ అరచేతిలో పడింది.

గొట్టం లోపలికి పొడుచుకొచ్చిన బోల్టు చివరకు దారం చిక్కుకుంది. ఏడు నెలలుగా అది అక్కడ గంట నాలుకలా వేలాడుతోంది. సైకిల్ ఊగినప్పుడల్లా వెళ్ళి గొట్టాన్ని కొట్టి వస్తోంది. తలకిందులు పెట్టి పని చేసినా కింద పడలేదు. ఇరుసు విప్పినా కనబడలేదు.

బావ దాన్ని బొటనవేలితో గొట్టానికి ఆనించి గోటితో కొట్టాడు. టిక్కు.

"రాగి అన్నాను" అన్నాడు. ఇంకోసారి కొట్టాడు. "రాగి మీద గోరన్నాను బావా."

అన్నాడు. నేనే సాక్షి.

అక్కడి నుంచే అప్పకు ఫోను కొట్టి స్పీకర్ పెట్టాడు.

"అప్పా, సైకిలు గొట్టంలో తాయెత్తు ఏసావా?"

అప్ప తోటలో ఉన్నట్టుంది, మోటారు వినబడుతోంది.

"నానేటి ఏసాను? ఎవులు సెప్పారు?"

"సేతిలో ఉన్నాది నాకు."

"ఓలమ్మ! ఎందుకు తీసావురా? కొండ మీదున్నావా? ముందు దాన్నందులో ఎయ్యి, ఏసి దిగు."

"ఏడు నెల్లు పట్టి అది మోగుతుంటే నాను సైకిలంతా మార్చీసాను కదే!"

"మోగుద్దని నాకేటి తెలుసు? మొలకి కట్టుకోమంటే గేదికి కట్టమన్నావు. గేదికెందుకు, గేది లారీల రోడ్డు మీద సైకిలు తొక్కుతాదేటి? గొట్టం నోరు తెరుసుకుని ఉంటే ఏసాను. అయినా మోగుతుంటే మోగుతందని నాకు సెప్పొచ్చు కదా? వచ్చినప్పుడల్లా అడిగాను, ఎందుకురా మార్చేత్తన్నావని. ఒల్లు తగ్గడానికన్నావు."

బావ నావైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను. చెవి సంగతి అప్పకు అనొద్దన్నది ఆయనే.

"సెప్పాల్సింది" అన్నాడు మెత్తగా. "ఇంటికొచ్చాక సెప్తాను అప్పా. సానా ఉన్నాది."

"ముందు లోపలెయ్యి."

పాత ట్యూబు ముక్క ఒకటి సంచిలో ఎప్పుడూ ఉంటుంది. తాయెత్తును అందులో చుట్టి, సన్నతీగతో కట్టి, సీటు గొట్టం తొర్రలోకి అంగుళం లోతున గట్టిగా కుక్కి సీటు బిగించాడు. ఊపాను. చప్పుడు లేదు. ఇంకా గట్టిగా ఊపాను. సముద్రం హోరు వినబడింది, అంతే.

బుధవారం మేనేజరు దగ్గరికెళ్ళి, స్టోర్స్ ఇంకెవరికైనా ఇమ్మని చెప్పేశాడు. తర్వాత అశోక్ దగ్గరికెళ్ళి, ఫిబ్రవరిలో మూడో స్టాండులో తను విన్న చప్పుడు విన్నట్టేనని, ఉన్న చోటు కూడా అదేనని, విప్పింది మాత్రం బేరింగు ఒక్కటేనని చెప్పాడు. అశోక్ ఫోను తీసి ఆ స్టాండు గీతలు మార్చి దాకా వెనక్కి జరిపి చూశాడు. మొదట్నుంచీ చిన్న గూని లాంటిది ఒకటుంది. హద్దు దాటలేదు కాబట్టి యంత్రం కూత పెట్టలేదు. అతను ఆ గూనిని పెద్దది చేసి చూస్తూ, "ఏమై ఉంటుందండీ?" అని అడిగాడట. వయసు మాట ఎత్తలేదు.

మిల్లు ఆపే రోజున ఇద్దరూ కలిసి మోటారు వైపు కప్పు విప్పారు. లోపల ఏమీ లేదు.

"ఏటీ లేదంటే దిగులుగా లేదేటి బావా?" అని అడిగాను.

"ఎందుకు దిగులు? అక్కడ లేదని తెలిసింది కదా. వచ్చే నెల గేర్‌పెట్టి వైపు ఇప్పుతాం. మోటారు కప్పుకి సీటీ రాసి కట్టాను."

ఆ తర్వాతి ఆదివారం యారాడ కొండ పొడవునా సైకిల్ కిక్కురుమనలేదు. ఎత్తు మీద నిలబడి తొక్కుతున్న మనిషి ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. లైట్‌హౌస్ మలుపులో బావ ఉన్నట్టుండి చెయ్యెత్తి ఆగాడు. నేను బ్రేకు వేశాను.

"ఏటి బావా, మళ్ళీనా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. కళ్ళు మూసుకుని ఉన్నాయి. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీస్తూ నా స్కూటర్ వైపు నడిచి వచ్చాడు.

"నీదాన్లోనే. వెనక సక్రం కుడి పక్క. ఒక్క పాలి ముందుకీ ఎనక్కీ తొయ్యి."